ముఖం తెలియని అతిథికి వడియాలు

మదురై దాటి దక్షిణానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో సాత్తూరు. రెండు పక్కలా నల్లరేగడి. తమిళులు కరిసల్ అంటారు. వాన పడితే అడుగు ఊడిరాదు, పడకపోతే నేల నెర్రెలిస్తుంది. కనుచూపు మేర పచ్చగా కనిపించేది చాలావరకు సర్కారు తుమ్మే. దాని నీడన మనిషి మాట అటుంచి మేక కూడా స్థిమితంగా నిలబడలేదు. అలాంటి చోట బస్సు తప్పినవాడు రోడ్డు పక్కన నిలబడి చెయ్యి చాపుతాడు. అగ్గిపెట్టెల లోడు లారీయో, పప్పు బస్తాల వ్యానో, పొలం నుంచి ఇంటికి మళ్లిన మోటార్‌సైకిలో ఆగుతుంది. శివకాశి బాణసంచా బండి మాత్రం ఆగకపోతేనే మనకు మేలు.

ఎక్కించుకున్నవాడు మొదట అడిగేది ఊరు. పేరు ఆ తర్వాత, ఒక్కోసారి అసలే అడగడు. దిగేటప్పుడు జేబులో చెయ్యి పెట్టబోతే వద్దన్నట్టు తల ఊపి గేరు మార్చేస్తాడు. మనం ఇంటికొచ్చి "దేవుడిలా వచ్చాడు" అని చెప్పుకుంటాం. ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. దేవుడు హఠాత్తుగా రావచ్చు, ఆయన ఇష్టం. దారిన పోయేవాడి మీద మనిషి చూపే దయ మాత్రం అప్పటికప్పుడు పుట్టదు. చాలా ముందే ఎవరో ఒకరు దాన్ని సమకూర్చి పెట్టి ఉంటారు.

ఇది అర్థం కావాలంటే ఆ రోడ్డుకు పడమరగా, అదే విరుదునగర్ జిల్లాలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరు వెళ్లాలి. గోదాదేవి పుట్టిన ఊరు. అక్కడి గోపురం ఘనత తమిళులకు చెప్పనక్కర్లేదు. కానీ తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఆ ఊరు గోపురం కంటే ముందు ఒక వంటిల్లుగా తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో చూపించిన విష్ణుచిత్తుడి వంటిల్లు అది. ఆయన పెద్ద పండితుడేమీ కాదు, తులసిమాలలు కట్టి స్వామికి సమర్పించుకునే భక్తుడు. దారిన పోయే వైష్ణవులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టడం ఆయన రెండో పూజ. సామ్రాజ్యం ఏలిన రాయలు ఆ ఇంట్లో ఏ కాలంలో ఏం వడ్డించారో ఓపిగ్గా పేరుపేరునా చెబుతాడు. ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు. చలికాలంలో మిరియపు పొడి, ఆవ ఘాటు తగిలిన పచ్చళ్లు. వానాకాలంలో పప్పు, నాలుగైదు కూరలు, పెరుగు, నెయ్యి, వాటితో పాటు వడియాలు, వరుగులు.

వడియాలు, వరుగులు వానాకాలంలో తయారయ్యేవి కావు. వాటిని మండువేసవిలో, ఎవరొస్తారో తెలియనప్పుడే ఆ ఇంట్లో ఎవరో ఎండబెట్టి ఉండాలి. జడివానలో తడికట్టెలు పొగ చిమ్మి ఇల్లాలి కళ్లు మండుతాయని పొయ్యిలోకి కొబ్బరి చిప్పలు వాడారని కూడా రాయలే చెబుతాడు. ఆ చిప్పలూ ముందుగా కూడబెట్టినవే కదా. అర్ధరాత్రి తడిసి వచ్చిన బాటసారికి వేడన్నం దొరికిందంటే అతను అదృష్టమనుకుంటాడు. దాని వెనుక ఎన్నో నెలల ఇంటి చాకిరీ ఉంది. విష్ణుచిత్తుడి పేరు కావ్యంలో నిలిచింది. వడియాలు పెట్టిన ఇల్లాలి పేరు చెప్పమంటే మనలో చాలామంది తడుముకుంటాం.

ఇంత సిద్ధంగా ఉన్న ఇంటి యజమాని, తినడానికి కూర్చున్నవాళ్లతో కూరలు ఎక్కువ లేవనీ, వేడిగా లేవనీ, అన్నం అంత గొప్పగా కుదరలేదనీ, దయచేసి తినమనీ బతిమాలతాడు. పెట్టేవాడే దయ అడుగుతున్నాడు. తైత్తిరీయోపనిషత్తు పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది అతిథిని దేవుడిగా చూడమన్న మాట. హోటళ్ల గోడల మీద రాసి రాసి దాన్ని అరగదీశాం. అదే ఉపనిషత్తులో నాకు అంతకంటే ఇష్టమైనవి రెండున్నాయి. శిక్షావల్లి, శ్రద్ధతో ఇవ్వమని చెప్పి ఊరుకోదు. సిగ్గుతోనూ భయంతోనూ ఇవ్వమంటుంది. విష్ణుచిత్తుడి బతిమాలడంలో ఉన్నది ఆ సిగ్గే. ఇక భృగువల్లి, బస కోరి వచ్చిన ఎవరినీ కాదనవద్దంటుంది, అందుకోసం ఎలాగైనా సరే అన్నం సమృద్ధిగా సమకూర్చుకోమంటుంది. వచ్చినవాడికి చెప్పాల్సింది అన్నం సిద్ధంగా ఉందని. ఎంత లోకం తెలిసిన ఋషి! ఖాళీ కుండతో జాలిపడేవాళ్ల మీద ఆయనకు పెద్ద నమ్మకం ఉన్నట్టు లేదు.

తమిళనాడు పాత బాటల పక్కన ఇప్పటికీ అక్కడక్కడా రెండు నిలువు రాళ్లు, వాటి మీద ఒక అడ్డరాయి కనిపిస్తాయి. సుమైతాంగి అంటారు. తలమీద మూటతో నడిచేవాడు ఇంకొకరి సాయం లేకుండా బరువును దానిమీదికి జరిపి, కాసేపు సేదదీరి, మళ్లీ తలకెత్తుకోవచ్చు. కడుపుతో ఉండగానే కన్నుమూసిన స్త్రీల జ్ఞాపకంగా వాటిని నిలిపే ఆనవాయితీ ఉండేది. బరువు దించుకోకుండానే వెళ్లిపోయిన బిడ్డ కోసం పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఎవరెవరి బరువులకో చోటు చూపించారు. గుళ్లో చేసే ఏ శాంతి కంటే ఇది తక్కువని నేననుకోను.

రాజులూ ఈ పని చేశారు. 1689 నుంచి 1706 దాకా మనుమడి తరఫున మదురైని ఏలిన తెలుగింటి రాణి మంగమ్మ పేరు చెబితే దక్షిణాదిన నేటికీ గుర్తొచ్చేవి రోడ్లు, చెట్లు, చత్రాలు. మదురై నుంచి కన్యాకుమారి వైపు వెళ్లే పాత బాటను మంగమ్మాళ్ సాలై అనే అంటారు. కానీ విరుదునగర్ ప్రాంతం చేసింది మరింత ఆసక్తికరమైన పని. నాడార్ వర్తకులు ఎడ్లబళ్ల కాలంలో సరుకుకూ మనుషులకూ దొంగల భయం లేకుండా ప్రహరీ గోడలతో పేటలు కట్టుకున్నారు. వాటి నిర్వహణకు ప్రతి అమ్మకం మీదా కొద్దిపాటి సొమ్ము తీసి పక్కన పెట్టేవారు. దాని పేరు మహమై. బాటసారి రక్షణ కోసం మొదలైన ఆ సొమ్ము తర్వాత బావులకూ బడులకూ వెళ్లింది. విరుదునగర్‌లోని క్షత్రియ విద్యాశాలకు ఇంటింటా పిడికెడు బియ్యం తీసి ఇచ్చేవారు. 1903లో అదే ఊళ్లో పుట్టిన కామరాజ్ చదివింది ఆ బడిలోనే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 1950లలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. పేటకూ ఆ పళ్లేనికీ నేరుగా దారి గీయడం చరిత్రకారులకు నచ్చకపోవచ్చు. ఆధ్యాత్మిక వ్యాసానికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉందనుకుంటాను.

ఈ నేలమీద మన తెలుగువాళ్లు కూడా ఒకప్పుడు దారిన పోయేవాళ్లే. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, రాత తమిళం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో అలాంటి ఇంట్లోనే కి. రాజనారాయణన్ పుట్టారు. ఉత్తరాన తమ ఊళ్లు విడిచి పారిపోయి వచ్చి, ఈ కరిసల్‌లో అడవి కొట్టి ఊరు కట్టుకున్న తెలుగువాళ్ల కథను 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాశారు. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఈ వలసల మీద, అలా వచ్చినవాళ్లే అయిన కంబళత్తు నాయకర్లలో ఒక గాథ ఉంది, దక్షిణాది కులాల గురించి రాసిన థర్‌స్టన్ 1909 నాటి తన గ్రంథంలో నమోదు చేశాడు. వెనుక శత్రువులు తరుముతుంటే ఎదురుగా నది అడ్డం వచ్చింది. రెండు ఒడ్లనా ఉన్న కానుగ చెట్లు వంగి వంతెనలా కలిశాయి. వాళ్లు దాటగానే మళ్లీ నిటారుగా నిలిచాయి. అందుకే వాళ్లకు కానుగ పూజ్యం. ఏ కులమో, ఏ భాషో, ఎందుకు పారిపోతున్నారో ఆ చెట్లు అడగలేదు.

మనుషులు అడిగారు. అది దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. చత్రాల్లో కులానికో పంక్తి ఉండేది. గుడిలోకి తమను రానివ్వమని అడిగినందుకు నాడార్లతో పగలు పెరిగి, 1899లో శివకాశి మీద దాడే జరిగింది. విష్ణుచిత్తుడి ఇంటికి వచ్చినవాళ్లు కూడా వైష్ణవులేనని గుర్తుంచుకోవాలి. ఈ రోజున రహదారి మీద మగవాడు చెయ్యి చాపినంత తేలిగ్గా ఒంటరి ఆడమనిషి చాపలేదు. ఆమెకు భయం. లారీ డ్రైవరుకూ రాత్రివేళ భయమే, చీకట్లో చెయ్యి ఊపేవాడు దొంగ కాడని ఎవరు చెప్పారు?

ఈ రెండు వైపుల భయం రాయలకు తెలుసు. 'ఆముక్తమాల్యద' చివరి ఆశ్వాసంలో మాలదాసరి కథ పెట్టాడు. కులం కారణంగా గుడి బయటే నిలబడి పాడే భక్తుడతను. కోవిల్‌పట్టికి ఇంకా దక్షిణాన ఉన్న తిరుక్కురుంగుడి స్వామిని పాడి కొలవడం అతని నిత్యవ్రతం. ఒకనాడు వేళ తప్పి బయలుదేరి, దారి తప్పి, మర్రిచెట్టు దగ్గర బ్రహ్మరాక్షసుడికి చిక్కాడు. పెనుగులాడి ఓడిపోయాడు. స్వామి ఎదుట పాడి తిరిగి వస్తాను, అప్పుడు తిను అన్నాడు. వెళ్లాడు, పాడాడు, తిరిగి వచ్చాడు. రాక్షసుడు కదిలిపోయి ఆ పాట ఫలం కొంత ధారపోయమని కాళ్లు పట్టుకున్నాడు. గుడి గడప ఎక్కనివ్వని మనిషి వల్ల, పూర్వజన్మలో బ్రాహ్మణుడైన రాక్షసుడికి విముక్తి కలిగింది.

ఈ కథ చెప్పినవాళ్లంతా దాసరి సత్యాన్ని మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. నా కళ్లు మాత్రం రాక్షసుడి మీదే ఆగుతాయి. అతను ఆకలి మీద ఉన్నాడు. చేతికందిన ఆహారం, ముక్కూ మొహం తెలియని మనిషి, వట్టి మాట. కల్లబొల్లి కబుర్లని మొదట ఎగతాళి చేశాడు కూడా. అయినా పట్టు సడలించాడు. దాసరి తిరిగొచ్చి తన గొప్పతనం చూపించుకునే అవకాశం ఆ సడలింపు వల్లే వచ్చింది. సాత్తూరు దాటాక చీకట్లో లారీకి బ్రేకు వేసే డ్రైవరు కూడా చేసేది అదే. రాక్షసుడితో పోల్చానని తెలిస్తే నొచ్చుకుంటాడేమో, తమిళంలో ఎవరూ చెప్పకపోతే మంచిది.