అడగని తోడు

అమెరికాలో కాపురముంటున్న మనవారిలో చాలామందికి ఏదో ఒకనాడు పొరుగింటావిడో, ఆఫీసులో తోటి ఉద్యోగో ప్లాస్టిక్ సంచిలో పులిసిన పిండీ, దానితోపాటు ఒక కాగితమూ ఇచ్చే ఉంటారు. దాని పేరు అమిష్ ఫ్రెండ్‌షిప్ బ్రెడ్. పేరు అమిష్ వారిదే గాని, కాగితంలో తరచు ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడి కూడా కనిపిస్తుంది కనుక పాతకాలపు పల్లెవంట అని భ్రమపడనక్కరలేదు. ఇటువంటిదే బ్రిటన్, జర్మనీలలో ‘హెర్మన్’ పేరుతో ఇల్లిల్లూ తిరుగుతుంది.

పద్ధతి ఇది. రోజూ సంచిని పిసకాలి. ఆరోనాడు కప్పు మైదా, కప్పు పంచదార, కప్పు పాలు చేర్చాలి. పదోనాడు మళ్ళీ అంతే. అప్పుడు నాలుగు కప్పులు తీసి, ఒకటి తాముంచుకుని, మూడు స్నేహితులకు పంచాలి. మిగిలిన పిండిలో మరికొంత మైదా, గుడ్లు, నూనె, దాల్చినచెక్క పొడి, ఆపిల్ ముక్కలో కిస్‌మిస్సో కలిపి కాల్చుకోవాలి. రొట్టె రుచిగానే ఉంటుంది. చిక్కంతా ఆ మూడు కప్పుల్లోనే ఉంది.

లెక్క వేసి చూడండి. అందరూ కాగితంలో చెప్పినట్లే చేస్తే ఒక కప్పు పది రోజుల్లో నాలుగు, ఇరవై రోజుల్లో పదహారు, నూరు రోజుల్లో 10,48,576 కప్పులవుతుంది! అందరూ పాటించినా నిలబడగలిగేదే ధర్మమని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785 లో వాదించాడు. ఆ పరీక్షకు ఈ నియమం నిలవదు. కొందరు పారబోస్తేనే ఇది సాగుతుంది. కనుక గుడ్డు ముట్టనివారో, చక్కెరవ్యాధి ఉన్నవారో ఆ పిండిని పారబోస్తే అది స్నేహద్రోహం కాదు.

అయితే బాధ్యతను వెంటబెట్టుకొచ్చేది అసలు దానమేనా? ప్రత్యుపకారం ఆశించకుండా తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చేదే సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925 నాటి తన వ్యాసంలో మరోమాట అన్నాడు: ఇవ్వటం, పుచ్చుకోవటం, తిరిగి ఇవ్వటం మూడూ సమాజాలు విధించిన బాధ్యతలేనట. మన రొట్టెపిండి ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది. ఇచ్చినవారికి తిరిగి ఇవ్వమనదు, ముందువారికి అందించమంటుంది. మన పెద్దలు చెప్పిన ఋషిఋణం ఇటువంటిదే. గురువు దగ్గర నేర్చినదాన్ని శిష్యుడికి చెప్పి తీర్చుకుంటాం.

మనకూ ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలు ఒకటుంది. పాలు తోడుపెట్టటానికి పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళి, “పిన్నిగారూ, కాస్త తోడు పెడతారా?” అని అడగటం. చెంచాడు మజ్జిగ చాలు. దాన్ని ఎవరూ బాకీగా రాసుకోరు. తోడు అన్న మాటకు మన భాషలో సాయంగా ఉండే మనిషి అనే అర్థం కూడా ఉన్నది. రొట్టెపిండికీ తోడుకీ తేడా ఒక్కటే. తోడు అడిగితే వస్తుంది, పిండి అడగకుండా వస్తుంది.

ఈ తేడా వంటింటితో ఆగదు. ఆదివారం తెలుగు బడికి, సంగీతం క్లాసుకు పిల్లల్ని కారెక్కించే ప్రతి తల్లికీ తండ్రికీ ఇది తగులుతుంది. మనకు అందినదాన్ని అందించటం మన ఋణం, నిజమే. వాళ్ళు పుచ్చుకుని తీరాలనటం మన హక్కా? మన ఋణం మనది. దాన్ని వాళ్ళ పేర రాయటం న్యాయం కాదు. అలాగని వాళ్ళు అడిగేదాకా ఊరుకోమనీ అనలేం. రుచి ఎరుగనివాడు దేన్ని అడుగుతాడు? పక్కింటికి తోడుకోసం వెళ్ళిన మనిషి పెరుగన్నం రుచి ఎరిగిన మనిషే.

అందుచేత న్యాయమైన వరస ఇది అని నాకు తోస్తుంది. ముందు రొట్టె ముక్క పెట్టాలి, కాగితం తరవాత. పద్యం అప్పజెప్పించే ముందు కథ చెప్పాలి. వద్దంటే నొచ్చుకోకూడదు. కాని మన గిన్నెలో తోడు మాత్రం ఎండిపోనివ్వకూడదు. ముప్ఫయ్యో ఏట వాళ్ళే గిన్నె పట్టుకుని వస్తే, లేదని చెప్పవలసిన స్థితి మనకు రాకూడదు.