గోడమీది మాట

మనుష్యుడు గోడను కట్టుకొన్నది ఎండకు, వానకు, పరుల చూపునకు అడ్డముగా. కాని కట్టిన మఱునాటినుండియే దానిచేత ఏదో ఒక మాట పలికింపవలెనను కోరిక వానిని పట్టుకొన్నది. కొండగుహలో ఎఱ్ఱమన్నుతో జింకను చిత్రించినవాడును, నేడు పట్టణములో పదునేడవ అంతస్తున మూడుగదుల ఇల్లు కొని, ముందుగదిలో ఏమి తగిలింతునా యని దుకాణముల వెంట తిరుగువాడును ఈ విషయమున ఒక్క వంశమువారే. ఇల్లు నాది అని చెప్పుటకు దస్తావేజు చాలును. ఈ ఇంటిలో ఉన్నవాడను నేను అని చెప్పుటకు మాత్రము ఏ దస్తావేజును చాలదు. ఆ రెండవమాటను ఎట్లు చెప్పవలెనో తెలియకనే మనము గోడలకు రంగులు మార్చుచుందుము, పటములు దింపి మరల ఎక్కించుచుందుము.

ఇటీవల ఈ ప్రయాస ఒక విచిత్రమైన రూపు తాల్చినది. మోటుకొయ్య పలకలపై అక్షరములు వ్రాసి గోడలకు తగిలించు వాడుక అమెరికాలో పెరిగి, అక్కడ కాపురములున్న మన పిల్లల ఇండ్లమీదుగా హైదరాబాదు, విశాఖపట్టణముల వఱకు వచ్చి చేరినది. టెక్సాసులో ఉన్న మా అన్నగారి కుమార్తె ఇంట నేను కొంతకాలము గడిపినపుడు ఆ పలకలను తీరికగా చదువు భాగ్యము నాకు కలిగినది. వంటయింటి పలక భోజనమునకు ముందు కృతజ్ఞతను స్మరింపుమనును; ముందుగదిలోనిది జీవింపుమనియు, నవ్వుమనియు, ప్రేమింపుమనియు మూడు ఆజ్ఞలు చేయును; మెట్లప్రక్కనున్నది ఈ ఇంట పాటింపవలసిన నియమములను వరుసగా ఏకరువు పెట్టును; బట్టలుతుకు గదిలోని పలక సైతము ఊరకుండక జత తప్పిన మేజోళ్ళను గూర్చి పరిహాసమాడును.

“బాబాయ్, మా ఇల్లెలా ఉంది? నాకంటూ ఒక స్టైల్ కుదిరిందంటారా?” అని అమ్మాయి అడిగినది.

“ఇల్లు బాగుందమ్మా. స్టైల్ సంగతి మాత్రం కాస్త ఆలోచించి చెప్తాను” అంటిని.

ఆ ఆలోచన నాతోపాటు సముద్రముదాటి వచ్చి, నన్నింకను వదలలేదు.

ముందుగా ఆ కొయ్య సంగతి. ఆ దేశమున పల్లెలలో పశువులకును పంటకును కట్టిన పెద్ద కొయ్యకొట్టములు ఉండెడివి. దశాబ్దముల తరబడి ఎండ తగిలిన కొయ్యలో, నారపోగులను ఒకదానికొకటి పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థము సూర్యకిరణములచేత క్రమముగా విచ్ఛిన్నమగును. వాన దానిని కడిగివేయును. అప్పుడు మిగిలిన నారలు వెండివన్నెకు తిరుగును. శిథిలమైన కొట్టములనుండి ఊడదీసిన అట్టి పలకలకు నేడు క్రొత్తకొయ్యను మించిన వెల పలుకుచున్నది. టెక్సాసులోనే వేకో అను పట్టణమున పాత ఇండ్లను బాగుచేయు దంపతులను చూపుచు 2013లో ఆరంభమైన ఒక టెలివిజన్ కార్యక్రమము ఈ పల్లెయింటి సొగసును దేశమంతట ప్రసిద్ధము చేసిన పిమ్మట, నిజముగా ముదిసిన కొయ్య ఎందరికని చాలును? కనుక క్రొత్తకొయ్యకే ముసలితనము కల్పించు విద్యలు పుట్టినవి. ఇనుపపీచును వెనిగరులో నానవేసి ఆ నీటిని కొయ్యకు పూసినచో, అందలి ఇనుము కొయ్యలోని టానిన్‌తో కలిసి కొద్దిసేపటిలోనే బూడిదవన్నె తెచ్చును. టానిన్ తక్కువైన పైన్ కొయ్యకైతే ముందుగా చిక్కని తేనీరు పూయుదురు. గొలుసుతో మోది నొక్కులు పెట్టుదురు. కదురువంటి మొనతో పొడిచి పురుగు తొలిచిన బెజ్జములు కల్పింతురు. రెండు రంగుల నడుమ మైనము రాచి, పైరంగును గరుకుకాగితముతో అక్కడక్కడ లేవగొట్టుదురు. నలువదేండ్ల ఎండవానలు చేయవలసిన పని ఒక్క మధ్యాహ్నమున ముగియును.

దీనిని చూచి నవ్వుట సులభము. నాకు నవ్వు రాలేదు. తాత కట్టిన కొట్టము ఏ ప్రాంతముననో కూలిపోగా, తండ్రి ఒక రాష్ట్రమున, తాను మఱియొక రాష్ట్రమున బ్రతుకుచు, ఉద్యోగము మాఱినపుడెల్ల ఇల్లు మాఱు మనుష్యునకు, తనకంటె ముందు పుట్టిన వస్తువు ఒకటి ఇంటనుండవలెనను తహతహ హాస్యాస్పదము కాదు. వాడు కోరునది కొయ్య కాదు, కాలము. అంగడిలో కాలము దొరకదు గనుక కాలము విడిచిన గుర్తులను కొనుచున్నాడు.

పలకలమీది మాటలకును ఇట్టి చరిత్రయే కలదు. ఆ దేశమున బాలికలు కుట్టుపని నేర్చుకొనుచు బట్టపై అక్షరమాలను, నీతివాక్యములను కుట్టి పటము కట్టుట చిరకాలపు ఆచారము. ‘హోమ్ స్వీట్ హోమ్’ అను మాట ఎన్ని గడపలపై కుట్టబడి, చెక్కబడి, వ్రాయబడెనో లెక్కలేదు. అది 1823లో లండనునందలి కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ప్రదర్శింపబడిన ఒక సంగీతనాటకము లోనిది. వ్రాసినవాడు జాన్ హోవర్డ్ పేన్ అను అమెరికను. ఇంటిని గూర్చి ఇంగ్లీషు పలుకు లోకమంతటికి పాట నిచ్చిన ఆ మహాశయుడు తన జీవితములో పెక్కేండ్లు పరదేశములలో గడిపి, తుదకు 1852లో ట్యూనిస్ నగరమున తన దేశపు కాన్సలుగా ఉండి కన్నుమూసెను. జీవింపుమనియు, నవ్వుమనియు, ప్రేమింపుమనియు చెప్పు మూడుమాటల పలక కాన్సస్ రాష్ట్రపు గృహిణి బెస్సీ ఆండర్సన్ స్టాన్లీ 1904లో ఒక పత్రికపోటీకి విజయమును గూర్చి వ్రాసి బహుమతి పొందిన చిన్న వ్యాసమునకు దూరపు సంతతి. ఆ వ్యాసము ప్రసిద్ధ అమెరికను రచయిత ఎమర్సన్ పేరిట చిరకాలము చలామణి అయినది. పేరు పోయినది, వాక్యము అరిగినది, తుదకు మూడు క్రియలు మాత్రము మిగిలినవి. కొయ్యకు కృత్రిమముగా కల్పించిన అరుగుదల ఈ మాటలకు సహజముగానే సంభవించినది!

అట్లయిన ముసలితనము ఎరవు, మాట ఎరవు. ఇక ఇంటి యజమానురాలి సొంతశైలి యనునది ఎక్కడనుండి రావలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను మన ఇండ్లను తలచుకొంటిని.

మన గోడలకు మాత్రము నోరు లేదా? ప్రహరీగోడ పాలరాతిపలకపై తండ్రిపేరో, ఇలవేల్పు పేరో చేర్చిన ‘నిలయము’ ఉండనే ఉన్నది. పెండ్లియింటి గోడకు సున్నము వేసి, వధూవరుల పేర్లను రంగులతో వ్రాయించిన వ్రాత, దంపతులకు పిల్లలు పుట్టిన తరువాత కూడ, మఱియొక శుభకార్యమునకు మరల సున్నము పడువఱకు నిలిచియుండును. కాని మన ఇల్లు పలుకు మాటలలో అధికభాగము అక్షరములు లేనివే: గుమ్మమునకు మామిడితోరణము, గడపకు పసుపు, పసుపుపై కుంకుమబొట్లు, పైని దిష్టిగుమ్మడి, వాకిట ముగ్గు. వీనిలో ఏదియు ఎవరి సొంతకల్పనయు కాదు. ఏ ఇల్లాలును తోరణమును తాను కనిపెట్టలేదు. పసుపు పూయుటలో ఎవతెయు స్వతంత్రురాలు కాదు. ఎరవు అనునది దోషమే అగుచో మన వాకిండ్లన్నియు దోషయుక్తములే.

అయినను ధనుర్మాసపు ఉదయమున ఒక్క వీథిలో నడచి చూడుడు. అవే చుక్కలు, అదే వరిపిండి, తల్లులు నేర్పిన అదే మెలిక. కాని ఒక వాకిట గీత సన్నగా, తొందరలేక, మలుపుమలుపున ఊపిరి తీసికొన్నట్లు నడచును. ప్రక్కవాకిట అదే ముగ్గు దిట్టమైన గీతలతో, పని తెమలవలెనను ధోరణితో, ఒకటి రెండు చుక్కలను లెక్కచేయక సాగిపోవును. ఊరివారికి గీతను చూడగానే చేయి తెలియును. ఆ చేతివాటమును వారిలో ఎవరును కోరి సంపాదింపలేదు. నిన్నటి ముగ్గును నేడు ఊడ్చి, నేటి ముగ్గును రేపు ఊడ్చి, ఏండ్లతరబడి వేయగా వేయగా అది వారికి తెలియకయే వచ్చి చేరినది. చెరపుటయు మరల వేయుటయు అను ఈ రెండుపనుల నడుమ మనిషి దొరకును. నిలిచిపోయిన గీతలో దొరకడు.

పలకతో వచ్చిన చిక్కు ఇదియే. అది నిలిచియుండును. తోరణము వాడిపోవును గనుక మరల కట్టవలసివచ్చును. కొయ్యపలక వాడదు గనుక మరల చదువవలసిన పని యుండదు. కృతజ్ఞతను స్మరింపుమను వాక్యమును మొదటివారము ఇంటివారందఱు చదివిరట. తరువాత అతిథులు మాత్రమే చదువుచున్నారు. ఇంటివానికి కనబడక, వచ్చినవానికి మాత్రమే కనబడు మాట అలంకారమైనను కావచ్చును, ప్రకటనయైనను కావచ్చును. ఆ ఇంటి బ్రతుకులో మాత్రము దానికి భాగము లేదు.

ఇందుకు భిన్నముగా, సేవాగ్రామములోని గాంధిగారి ఆశ్రమమున బాపూకుటి అను మట్టియిల్లు కలదు. అది మొదట ఆయన శిష్యురాలు మీరాబెన్ తనకై కట్టుకొన్న కుటీరము. పిదప గాంధిగారు అందు నివసించిరి. దాని మట్టిగోడపై ఆమె మట్టితోనే చెట్లను, ఓంకారమును ఉబ్బెత్తుగా దిద్దినది. 1978లో అక్కడ ప్రసంగించిన తత్త్వచింతకుడు ఇవాన్ ఇల్లిచ్ ఆ కుటీరమున కూర్చుండి దాని సందేశమును గ్రహింప యత్నించితినని చెప్పి, మనిషి పోగుచేసికొన్న వస్తుసామగ్రియంతయు పరిసరములనుండి బలము పొందు శక్తిని వానికి తగ్గించుచున్నదని అభిప్రాయపడెను. నేను ఆ కుటీరమునుండి మఱియొక చిన్నపాఠమును గ్రహించుచున్నాను. అక్కడ గోడయు అలంకారమును ఒక్క మట్టియే. ఆ మట్టికి పదేపదే అలుకు కావలెను. అలుకునపుడెల్ల చేయి ఆ చెట్లను తడవవలెను. ఆ ఇంటివారు మోటుదనమును శైలిగా ఎన్నుకొనలేదు; తాము నమ్మిన బ్రతుకు బ్రతికిరి, చూచినవారికి అది శైలిగా కనబడినది.

అయినచో అక్షరములు గల గోడకు గతి లేదా? కలదు, దానికి నాకు తెలిసిన ఉత్తమోదాహరణము ఫ్రాన్సు దేశమున, బోర్డో నగరమునకు తూర్పుగానున్న ఒక గోపురములో ఉన్నది. వ్యాసమను ప్రక్రియకు ఆద్యుడైన మాంటేన్ 1571లో, ముప్పదియెనిమిదవ యేట, న్యాయస్థానపు కొలువునుండి విరమించి ఆ గోపురమును ఆశ్రయించెను. క్రింద ప్రార్థనామందిరము, నడుమ పడకగది, ఆపైన గుండ్రని గ్రంథాలయము. ఆ గ్రంథాలయపు కప్పునకు ఉన్న దూలములపై ఆయన గ్రీకు, లాటిను వాక్యములను అరువదికి పైగా వ్రాయించుకొనెను. 1885లో ఆ భవనము అగ్నికి ఆహుతియైనను గోపురము మిగిలినది; దూలములపై అక్షరములు నేటికిని చదువవచ్చును. మోటుదూలము, దానిపై మంచిమాట: బాహ్యరూపమున చూడగా మా అమ్మాయి పలకకును ఆయన దూలమునకును భేదమేమి?

భేదములు రెండు. మొదటిది, ఆ వాక్యములు అతిథికి అభిముఖముగా లేవు. గ్రంథములు చదువుచు, నడచుచు, తలయెత్తినవానికి కనబడునట్లు అవి పైన ఉన్నవి. అందు పెక్కు వాక్యములు బైబిలులోని ప్రసంగి గ్రంథము నుండియు, సర్వమును సంశయించిన సెక్స్‌టస్ ఎంపిరికస్ నుండియు గ్రహింపబడినవి. మనిషి జ్ఞానము ఎంత అల్పమో, నిశ్చయము ఎంత దుర్లభమో మరల మరల హెచ్చరించునవి. తన కలమునకు గర్వము కలుగకుండ తన నెత్తిపై తానే కట్టుకొన్న అదుపు అది. రెండవది మఱింత ముఖ్యము. కొన్ని దూలములపై ఇప్పటి వాక్యముక్రింద పూర్వపు వాక్యముల జాడలు కనబడుచున్నవి. అనగా ఆయన ఒకమాటను వ్రాయించి, దానితో కొంతకాలము కాపురము చేసి, దానిని చెరిపించి, మఱియొకమాటను వ్రాయించినాడు. దూలము కూడ ముగ్గువాకిలియైనది.

ఇంతకును ఆ దూలములపైనున్నవి ఇంచుమించుగా అన్నియు పరులమాటలు. ప్రపంచమున ఎవ్వనిశైలితోను కలియని శైలి గల రచయిత, తన తలపైన నిలుపుకొన్నది ఇతరుల వాక్యములను! ఇది మొదట వింతగా తోచును. కాని ఆయన ఆ మాటలను మ్రొక్కి విడువలేదు. వాటితో వాదించినాడు, వాటిని పరీక్షించినాడు, 1580లో తొలిసారి ప్రకటించిన తన గ్రంథమును మరణించువఱకు, అనగా 1592 వఱకు, అంచులలో క్రొత్తవాక్యములు చేర్చుచు పెంచుచునే ఉండెను. దూలముపైని మాట ప్రశ్న. క్రింద బల్లపై వ్రాసినది ప్రత్యుత్తరము. శైలి ఆ ప్రత్యుత్తరములో ఉన్నది.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వత్తును. ఆ ఇంటిలో అన్ని పలకలకంటె నా చూపును పట్టినది, పుస్తకముల అరలో వెనుకగా పెట్టిన ఒక కొండపల్లి అంబారీయేనుగు. అది వాళ్ళ నాయనమ్మ బొమ్మలకొలువు నాటిది. తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములు అతికిన ఆ బొమ్మకు, ప్రయాణములో తొండము విరిగినదట. అమ్మాయి దానిని అక్కడి జిగురుతో అతికి, పోయిన రంగు చోట తన గోళ్ళరంగు పూసినది. ఎవరికిని చూపుటకు చేసినపని కాదు గనుకనే వెనుక దాచినది. “అది పాతదైపోయింది బాబాయ్, రూముకి మ్యాచ్ కాదు” అని ఆమె సంజాయిషీ చెప్పుకొన్నది. నేనామెకు అప్పుడు చెప్పక దాచిన సమాధానము ఇది: అమ్మాయీ, నీ శైలి ఏదని నన్నడుగుచున్నావే, నీ ఇల్లంతటిలోను నీవు జవాబిచ్చిన వస్తువు అది యొక్కటే. తక్కినవన్నియు నీకు చెప్పుచున్నవి. దానికి మాత్రము నీవు చెప్పినావు.

పలకలను దింపివేయుమని నేను చెప్పను. మంచిమాట ఎవరిదైనను మంచిమాటయే. అంగడిలో కొన్నంతమాత్రమున దానికి మైల అంటదు. కాని ఇంట నిలుపుకొను మాట మనకు అప్పటికే సాధ్యమైనదై ఉండరాదు. ప్రతిదినము కొంచెమైన నొప్పించునదై, మనము ఓడిపోవుచున్న చోటును వ్రేలెత్తి చూపునదై ఉండవలెను. సహనవంతుడు సహనమును గోడకు తగిలించుకొన్నచో అది ఆత్మస్తుతి. కోపిష్ఠి తగిలించుకొన్నచో అది సాధన. దానిని వీలైనంతవఱకు మన చేతితోనే, మన వంకరటింకర అక్షరములతోనే వ్రాసికొనవలెను. మన కన్ను దానిని చదువుట మానిన దినమున, అది ఎంత అందమైనదైనను, చెరిపివేసి మఱియొకటి వ్రాసికొనవలెను. ఎరవు తెచ్చుకొనుట ఎవ్వరికిని తప్పదు. భాషయే మనకు ఎరవుగా వచ్చినది, ఇల్లు కట్టు విద్యయు అంతే. తెచ్చుకొన్నదానికి మనము ఏమని బదులు చెప్పితిమి అనుదానిని బట్టియే ఇది ఫలానివారి ఇల్లు అని లోకము గుర్తుపట్టును; అట్లు బదులు చెప్పుటలో మునిగియున్నవానికి తన శైలి కుదిరినదా లేదా అని ఒకరిని అడుగ తీరికయుండదు.