గాలిని చూసి నవ్వొచ్చా?

మే నెల వచ్చిందంటే మనిళ్ళలో ఆవకాయ జాడీలు, మామిడిపళ్ళ బుట్టలు, సెలవుల్లో పిల్లల అల్లరి. అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలో వుంటున్న మా తమ్ముడింట్లో మాత్రం మే నెలంటే గాలివానల కాలం. వారమంతా ఆఫీసులో కంప్యూటరు ముందు బుద్ధిగా కూర్చునే ఆ పెద్దమనిషి, సెలవు దొరికితే చాలు, కారులో పెట్రోలు నింపుకుని, రొట్టెముక్కలూ మంచినీళ్ళూ పెట్టుకుని, మబ్బు ఎటు లేస్తోందో చూసుకుని దానికి ఎదురు బయల్దేరతాడు. "గాలివానొస్తే లోకమంతా ఇంట్లోకి పరుగెడుతుంది వదినా, మీ తమ్ముడు ఇంట్లోంచి పరుగెడతారు" అంటుంది మా మరదలు. ఆ మాటలో నవ్వెంతో, నిష్ఠూరమెంతో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

ఇది మావాడొక్కడి పిచ్చి కాదట. 1956లోనే ఉత్తర డకోటాలో డేవిడ్ హోడ్లీ అనే కుర్రాడు వాళ్ళ వూరి మీద విరుచుకుపడిన గాలివానని చూసి, అప్పట్నించీ వాటి వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఈ గాలివానల వేటగాళ్ళకి ఆయన ఆదిపురుషుడు లాంటివాడు. వాళ్ళ కోసం 1977లో 'స్టార్మ్ ట్రాక్' అని ఓ చిన్న పత్రిక కూడా పెట్టాడు. 1977 అనగానే నా మనసు ఎక్కడికి పోయిందో మీలో కృష్ణాజిల్లా వాళ్ళు ఈపాటికే ఊహించి వుంటారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వాళ్ళు వెంటబడేది మన తుఫానులాంటిది కాదు. మన తుఫాను సముద్రంలో పుడుతుంది, రోజుల తరబడి నడుస్తుంది, బారసాల చేసినట్టు దానికో పేరు కూడా పెడతాం. వాళ్ళ టోర్నడో నేలమీద పుట్టే సుడిగాలి. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి తేమతో బరువెక్కిన వెచ్చటి గాలి వస్తుంది. పడమటి నుంచి పొడిగాలి. పైన చల్లటి గాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిక్కూ మారుతుంది, వేగమూ మారుతుంది. ఇన్ని గాలుల మధ్య మబ్బు మొత్తం కవ్వానికి చిక్కిన మజ్జిగలా గిర్రున తిరుగుతుంది. ఆ తిరగడంలోంచే ఒక్కోసారి గరాటులాంటిది కిందికి దిగి నేలని తాకుతుంది. ఆ దేశంలో ఏటా ఇలాంటివి సుమారు పన్నెండు వందలు. చాలా మటుకు కొద్ది నిమిషాల్లో పోతాయి. కాని కొన్ని రోజులుంటాయి, ఒకటి వెంట ఒకటి పుట్టలోంచి లేచినట్టు లేస్తాయి. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో పదమూడు రాష్ట్రాల్లో 148 వచ్చాయి. 2011 ఏప్రిల్ 27న ఒక్కరోజే రెండువందల పైచిలుకు. ఆ రెండుసార్లూ చచ్చిపోయినవాళ్ళు మూడొందలకు పైనే.

మరి దీని వెంట సరదాగా తిరగడమేమిటి? ఇంకొకరి కొంప కూలుతుంటే చూడ్డానికి వెళ్ళి, 'ఆహా' అనుకోవడం పాపం కాదా? ఈ ప్రశ్న నేను వేసింది కాదు. మా అమ్మమ్మ వేసింది. చెంపదెబ్బతో వేసింది.

1990 మే నెల. సెలవులకి అవనిగడ్డ దగ్గర అమ్మమ్మ వూళ్ళో వున్నాం. రేడియోలో ప్రమాద హెచ్చరిక నంబర్లు పెరుగుతున్నకొద్దీ అమ్మమ్మ మాటలు తగ్గిపోయాయి. తొమ్మిదో తారీకున గాలి మొదలైంది. మేడమీది గదిలో అందరం ముడుచుకుని కూర్చున్నాం. ఏడేళ్ళ మా తమ్ముడు మాత్రం కిటికీ సందులోంచి చూస్తూ, కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తుంటే పకపకా నవ్వాడు. "అమ్మమ్మా, చెట్లు దణ్ణం పెడుతున్నాయ్!" అన్నాడు. అమ్మమ్మ లేచి వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. జన్మలో ఆవిడ మమ్మల్ని కొట్టింది ఆ ఒక్కసారే. "గాలిని చూసి నవ్వుతావురా!" అంది. తర్వాత వాణ్ణి ఒళ్ళో వేసుకుని తెల్లవార్లూ ఏడ్చింది.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో అమ్మమ్మ చెల్లెలు పోయింది. సర్కారు లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయిన రాత్రి అది. "గాలి వస్తుందని తెలుసే, సముద్రం లేచి వస్తుందని ఎవరికి తెలుసు?" అనేది అమ్మమ్మ. చెల్లెలి శవం దొరకలేదు. ఆ వూరి వాళ్ళెవరు కనపడినా, పెళ్ళిలోనైనా, బస్సులోనైనా, ఆవిడ అడిగేది ఒక్కటే మాట: "మా పాపని ఆఖర్న మీరెవరైనా చూశారా?" ఎవరూ చూడలేదు.

అలాంటి అమ్మమ్మ పెంచిన పిల్లవాడు గాలివానల వెంట తిరగడం నాకు మింగుడుపడలేదు. ఫోనులో గట్టిగానే దెబ్బలాడాను. "తుఫాను నే చూసినా వస్తుంది, చూడకపోయినా వస్తుందక్కా" అన్నాడు. రాడార్ కిరణం తిన్నగా పోతుందట, భూమేమో గుండ్రం. అంచేత దూరం పోయినకొద్దీ ఆ కిరణం నేలకి పైపైనే వుండిపోతుంది. కింద గరాటు నేలని తాకిందో లేదో మనిషి కళ్ళతో చూసి చెప్పాల్సిందే. అందుకని అక్కడి వాతావరణశాఖ మామూలు జనానికే తర్ఫీదిచ్చి, 'స్కైవార్న్' అనే ఏర్పాటు నడుపుతోంది. మావాడూ అందులో వాలంటీరే. టోర్నడో హెచ్చరికకీ దెబ్బకీ మధ్య వుండే వ్యవధి సగటున పదినిమిషాలకు అటూ ఇటూ. చూసినవాడు చెప్పే ఒక్క మాట నేలమాళిగలోకి దిగడానికి పనికొస్తుంది.

"అయితే నువ్వు పరోపకారం కోసం వెళుతున్నావన్నమాట!" అన్నాను, కొంచెం వెటకారంగానే.

వాడు కాసేపు మాట్లాడలేదు. "కాదక్కా. అబద్ధం ఎందుకు? బాగుంటుందని వెళతాను. ఉపకారం ఆ తర్వాతే" అన్నాడు.

ఆ నిజాయితీకి నేను ఓడిపోయాను. ఓడిపోయి, క్రితంసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "పద, నేనూ చూస్తాను" అన్నాను.

గోధుమచేల మధ్య మట్టిరోడ్డు మీద కారాపాడు. చేలు అప్పుడప్పుడే పండుబారుతున్నాయి. ఎదురుగా ఆకాశం పచ్చిమామిడి తొక్క రంగులో వుంది. అటువంటి రంగు ఆకాశానికి వుంటుందని నాకప్పటిదాకా తెలియదు. మబ్బు అడుగుభాగం మెల్లగా కిందికి జారింది, తిరిగింది, సన్నగా సాగింది. మాకు మూడునాలుగు మైళ్ళ దూరంలో ఆ తెల్లటి గరాటు నేలమీద ఆనింది. వాడు ఫోనులో ఎక్కడుందో, ఎటు పోతోందో గబగబా చెబుతున్నాడు. నేనేం చేశానో చెప్పనా? నలభై దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, చప్పట్లు కొట్టి "ఎంత బాగుందిరా!" అని అరిచాను. గరాటు మొదట్లో నల్లగా ఏవో ఎగురుతున్నాయి. "అవేం పక్షులురా?" అన్నాను.

"పక్షులు కావక్కా. రేకులు" అన్నాడు మా తమ్ముడు.

పైకెత్తిన నా చేతులు ఆ దింపుకోవడం ఎలా దింపుకున్నానో నాకే తెలుసు. అమ్మమ్మ చెంపదెబ్బ ముప్పయ్యేళ్ళు ప్రయాణం చేసి నాకు తగిలింది.

గాలి దాటిపోయాక అక్కడికి వెళ్ళాం. పశువుల కొట్టం లేదు. ఇంటికి సగం పైకప్పు లేదు. ముసలి దంపతులిద్దరూ నేలమాళిగలోంచి పైకొచ్చి నిలబడి వున్నారు, దెబ్బలేం తగల్లేదు. మావాడు ఆయనతో కలిసి గ్యాసు కట్టేయడానికి వెళ్ళాడు. ఆవిడ నా దగ్గరకొచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మీరు చూశారా? ఎలా వుంది?" అని అడిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తన ఇంటి మీదికి వచ్చినదాన్ని తను చూడలేదు, కింద చీకట్లో చప్పుడే విన్నది. చూసినవాళ్ళు చెబితే వినాలని వుంది ఆవిడకి. నాకు మాట రాలేదు. మావాడే వచ్చి, ఎటునుంచి వచ్చిందో, ఎంతసేపు నిలిచిందో, నెమ్మదిగా, వున్నదున్నట్టు చెప్పాడు. 'బాగుంది' అన్న మాట మాత్రం వాడు వాడలేదు. ఆవిడ తల వూపుతూ విన్నది, పోయినవాళ్ళ గురించి విన్నట్టు.

"మా పాపని ఎవరైనా చూశారా?" అని బస్సుల్లో అడిగిన అమ్మమ్మ నాకప్పుడు కొత్తగా అర్థమైంది. చూసినవాళ్ళ మీద కాదు ఆవిడ కోపం. చూసినవాళ్ళే లేకపోవడం ఆవిడ దుఃఖం.

మనం కీడుని చూడ్డానికే కాదు, పేరెత్తడానికే జంకుతాం. రాత్రిపూట పాముని పామనం, పురుగంటాం. ఈ విషయంలో అమెరికావాళ్ళూ మనకేం తీసిపోలేదు సుమండీ. టోర్నడో అంటే జనం హడలిపోతారని, పందొమ్మిదో శతాబ్దం చివర్నించీ ఎన్నో ఏళ్ళపాటు వాతావరణశాఖ ఆ మాటే తన సూచనల్లో వాడనిచ్చేది కాదు. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు అధికారులు ధైర్యం చేసి "ఇవాళ టోర్నడో రావచ్చు" అన్నారు. ఆ సాయంత్రమే వచ్చింది. పేరెత్తకపోవడం దయలా కనిపిస్తుంది కాని, దానివల్ల బతికిన ప్రాణం లేదు. 1990 తుఫానూ సామాన్యమైనది కాదు. అయినా ముందుగా చెప్పి, లక్షకు పైగా జనాన్ని తరలించబట్టి మృతుల సంఖ్య దాదాపు వెయ్యి దగ్గర ఆగింది. వెయ్యీ తక్కువ కాదు. కాని పదివేలు కాదు. ఆ తేడా అంతా ఎవరో కళ్ళు విప్పి చూసి, నోరు విప్పి చెప్పినందువల్లే.

అలాగని వేటగాళ్ళందర్నీ వెనకేసుకురాను. 2013 మే 31న ఓక్లహోమాలోనే ఎల్ రీనో దగ్గర నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న టోర్నడో వచ్చింది. అంత వెడల్పైనది అంతకుముందు నమోదు కాలేదు. చూడవచ్చినవాళ్ళ కార్లతో రోడ్లు కిక్కిరిశాయి. తప్పించుకుపోయేవాడికి దారి అడ్డం నిలబడి ఫొటో తీసుకోవడం కంటే అన్యాయం వుంటుందా? ఆ రోజే టిమ్ సమారాస్ అనే ఇంజనీరూ, కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సమారాస్ ఫొటోల కోసం తిరిగినవాడు కాదు. 2003లో దక్షిణ డకోటాలో మాంచెస్టర్ అనే కుగ్రామం దగ్గర టోర్నడో దారిలో తన పరికరం పెట్టి, గాలి ఒత్తిడి వంద మిల్లీబార్లు పడిపోవడం కొలిచాడు. శాస్త్రానికి అది గొప్ప రోజు. ఆ టోర్నడోకే మాంచెస్టర్ నేలమట్టమైంది, మళ్ళీ లేవలేదు. ఒకే గాలి, ఒకే సాయంత్రం. దాన్ని మంచి రోజనాలా, చెడ్డ రోజనాలా? నాకైతే రెండూ అనాలనే వుంది. ఒకదానితో ఒకటి చెరిపెయ్యకుండా రెండూ అనగలిగితే చాలు.

ఇంతసేపూ తమ్ముణ్ణి బోనులో నిలబెట్టాను. ఇప్పుడు నా వంతు. నా మొదటి నవలలో ఉప్పెన మీద ఒక ప్రకరణం రాశాను. చదివి ఏడ్చామని ఎంతోమంది ఉత్తరాలు రాశారు, నేను మురిసిపోయాను. చూపానక అమ్మమ్మ ఆ ప్రకరణం నాచేతే చదివించుకుంది. అంతా విని, "నీకెవరు చెప్పారే ఇదంతా?" అని అడిగింది. "ఎవరూ చెప్పలేదు అమ్మమ్మా, ఊహించి రాశాను" అన్నాను. "చూడనిదానివి, ఇంత అందంగా ఎలా రాశావే!" అంది. మెచ్చుకోలు కాదది. అప్పుడు మెచ్చుకోలనే అనుకున్నాను. ఆవిడ పోయి ఎన్నేళ్ళో అయింది. అడిగి తెలుసుకునే వీలు లేదు.

మావాడు గాలికి ఎదురెళ్ళి చూసి, చూసింది చూసినట్టు చెబుతున్నాడు. నేను ఇంట్లో ఫాను కింద కూర్చుని, చూడని చావుకి నగలు పెట్టాను. అది చదివి కన్నీళ్ళు పెట్టుకుని, పుస్తకం మూసి, హాయిగా నిద్రపోయిన పాఠకురాళ్ళూ వున్నారు. ఎవరం నవ్వాం గాలిని చూసి?

కళ్ళకి అందం కనిపించడం పాపం కాదనే ఇప్పుడు నా నమ్మకం. పెద్ద గాలి పెద్దగానే వుంటుంది, మనసు చెయ్యెత్తుతుంది. రావాలని కోరుకోకుండా వుండడం, వచ్చినప్పుడు ఎవరి దారికీ అడ్డు నిలబడకుండా వుండడం, చూసినదాన్ని అడిగినవాళ్ళకి వున్నదున్నట్టు చెప్పడం - ఈ మూడే మన చేతిలో వున్నవి. చూసినవాడికి కొంత ఋణం పడుతుంది. అది తీర్చకుండా 'ఆహా' అని ఇంటికొచ్చేస్తేనే తప్పు.

ఈ మధ్య మే నెలలో అర్ధరాత్రి ఫోను మోగితే నేను తిట్టడం మానేశాను. "ఎలా వుందిరా?" అని అడుగుదామని నోటిదాకా వస్తుంది. ఆపుకుని, "దారిలో వూరేమైనా వుందా?" అని అడుగుతాను.

వాడూ అంతే. అది చెప్పాకనే ఫొటో చూపిస్తున్నాడు.