అడవిలో ధర్మరాజుకు దక్కిన ఓదార్పు

జూదంలో రాజ్యం పోయింది. ఇల్లూ వాకిలీ పోయాయి. నిండు సభలో అవమానం మిగిలింది. పాండవులు అడవి బాట పట్టారు. గూడు చెదిరిన మనిషిని మళ్లీ ఎలా నిలబెట్టాలో తెలియాలంటే మహాభారతంలోని అరణ్యపర్వాన్ని శ్రద్ధగా చదవాలి.

వెంట వచ్చినవారికి తిండి ఎలా పెట్టాలన్నదే ధర్మరాజు తొలి బెంగ. మనసులోని దుఃఖం ఒంటిని కూడా ఎలా దహిస్తుందో శౌనకుడు ఆయనకు విడమరిచి చెప్పాడు. పురోహితుడు ధౌమ్యుడు సూర్యోపాసన ఉపదేశించాడు, తరగని అన్నమిచ్చే అక్షయపాత్ర లభించింది. కొంతకాలానికి బృహదశ్వ మహర్షి వచ్చాడు. ధర్మరాజు తన గోడంతా వెళ్లబోసుకుని, నాకన్నా దురదృష్టవంతుడు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. జూదమాడావు కాబట్టి అనుభవించు అని మహర్షి అనలేదు. అంతా విని, జూదంలోనే సర్వం పోగొట్టుకుని తిరిగి నిలదొక్కుకున్న నలమహారాజు కథ చెప్పాడు. అక్కడితో ఆగక, మళ్లీ జూదంలో ఓడిపోతానన్న భయం తీరేలా పాచికల మర్మం తెలిపే అక్షహృదయ విద్య నేర్పాడు.

అన్నం, వినే చెవి, ఆశ నింపే కథ, బతుకుకు పనికొచ్చే విద్య. నేటి మానసిక శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు ఇదే. విపత్తులో చిక్కినవారికి మానసిక ప్రథమ చికిత్స ఎలా చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శిని మూడు మాటల్లో చెబుతుంది: చూడండి, వినండి, కలపండి. అవసరమేమిటో చూడాలి, చెప్పుకున్నంత వినాలి, అయినవారితోనూ అందాల్సిన సాయంతోనూ కలపాలి.

మన కృష్ణా డెల్టాకు ఈ పాఠం కొత్త కాదు. విజయవాడ నుంచి కంకిపాడు మీదుగా ఉయ్యూరు, పామర్రు దాటి వెళితే వచ్చే దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వాసులు కట్టుబట్టలతో బయటపడ్డారు. డెల్టా బయటా ఇదే కథ: 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కాందిశీకులు తరాల సంపాదన అక్కడే వదిలేసి వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ వలసకు గుర్తు. నేడు ప్రపంచంలో యుద్ధాల వల్ల సరిహద్దులు దాటుతున్న కోట్లమందిదీ ఇదే గోస.

ఇలాంటివారి దగ్గరికి వెళ్లినప్పుడు మనం తెలియక గాయం చేస్తాం. పిల్లల తడిసి ముద్దయిన సర్టిఫికెట్లను ఒక్కొక్కటే విడదీసి ఆరబెట్టుకుంటున్న తల్లితో ‘అంతా కర్మ ఫలం’ అంటే అది వేదాంతం కాదు, పుండు మీద కారం. ఆమె పక్కన కూర్చుని ఆ కాగితాలు ఆరబెట్టడంలో ఓ చేయి వేయడమే ఆ పూటకు పూజ. ఆమె దేవుణ్ణి తలిస్తే ఆమెతో పాటు తలవండి. తిడితే ఆ తిట్లూ వినండి. ఆమె ఏ మతస్థురాలైనా ఆమె ప్రార్థనకు చోటివ్వండి. సాయాన్ని ఎరగా వేసి నమ్మకాన్ని మార్చబోవడం మహాపాపం.

భక్తికి మనసును కుదుటపరిచే శక్తి ఉంది. నలుగురితో కలిసి చేసే భజన ఒంటరితనాన్ని తగ్గిస్తుంది, నిత్యపూజ చెదిరిన రోజుకు ఓ క్రమాన్నిస్తుంది. అయితే వాన చప్పుడుకే గుండె దడ పుట్టడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, చావాలనిపించడం వంటివి ఉంటే తాయెత్తుతో సరిపెట్టకండి. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు వేసుకుంటే భక్తి తక్కువైనట్టు కాదు.

ఊరూరా రామమందిరాలు, మసీదులు, చర్చిలు ఉన్నాయి. ఆపద వేళ అక్కడ అన్నం వండే చేతులకు కొదవ లేదు. ఇకపై ఓపిగ్గా వినడం నేర్చిన మనుషులను కూడా అక్కడ తయారు చేసుకుందాం. ప్రతి ప్రార్థనా మందిరం నుంచి ఇద్దరు యువకులు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినా, రేపటి వరదకు మన ఊళ్లో బృహదశ్వులు సిద్ధంగా ఉంటారు.