తేనెటీగ ఇల్లు, మన పొలం గట్టు

కొండల్లో, చెట్లపై, మనుషులు వేసే పందిళ్లలో ఇళ్లు కట్టుకోమని అల్లాహ్ తేనెటీగకు ప్రేరణ ఇచ్చాడని దివ్య ఖుర్ఆన్ (16:68-69) తెలుపుతోంది. మనకు మాత్రం ఆ ఆయతుల్లో తేనెలోని స్వస్థత ఒక్కటే గుర్తుంటుంది. ముందు ప్రస్తావించబడింది ఈగ ఇల్లు, ఈగ ఆహారం!

శ్రీశైలం చుట్టూ నల్లమలలో చెంచు సోదరులు తాడు పట్టుకుని కొండచరియల్లోకి దిగి తేనెపట్టు కోస్తారు. ఆ అడవి అంచున నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో ఉన్న మనం గట్టున కానుగ నాటవచ్చు. వేసవిలో విరగపూసే కానుగ ఈగలకు మకరందం, పుప్పొడి రెండూ ఇస్తుంది. చిక్కుడు జాతి చెట్టు కనుక వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పడతాయి. రొట్టను దమ్ములో తొక్కితే వరికి ఎరువు. నూనె తీసిన పిండీ ఎరువే.

నాటిన చెట్టు నుండి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది నాటినవారికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). ఈగ తాగిన మకరందాన్ని ఆ లెక్కలోంచి తీసేయడానికి మాకైతే కారణం కనిపించదు.

మరి గట్టున కానుగ నాటి, పక్క చేలో పొద్దుతిరుగుడు పూతపై పట్టపగలు పురుగుమందు కొడితే? సోదరులారా! తప్పనిసరైతే మగ్రిబ్ వేళకు, ఈగలు గూడు చేరాక కొట్టండి. పట్టు కోసేటప్పుడు పిల్లలున్న భాగం వదిలేయండి.