ఇల్లు కాచినవారి వంతు

ధ్యానభాగము: 1 సమూయేలు 30వ అధ్యాయము



దూరప్రయాణమునకు బయలుదేరునప్పుడు ప్రార్థించుట మన సంఘములలో మంచి అలవాటు. సామాను వాకిటిలోనికి చేర్చి, పెద్దలును పిల్లలును నిలువబడి, 121వ కీర్తన చదువుకొని, సంఘకాపరిచేతనో ఇంటి పెద్దచేతనో ప్రార్థన చేయించుకొని బండి యెక్కుదుము. తిరిగివచ్చిన తరువాతి ఆదివారమున కృతజ్ఞత కానుక వేసి, క్షేమముగా వెళ్లి క్షేమముగా వచ్చితిమని సాక్ష్యము చెప్పుదుము. ఇది యెంతయు తగినది. అయితే ఈ రెండు ప్రార్థనల నడుమ ఇంటిలో నిలిచిపోయినవారు కొందరుందురు. మన ప్రయాణపు మేలులో వారికి వంతున్నదా? ఉన్నయెడల అది మనము దయతలచి యిచ్చునదా, లేక వారికి న్యాయముగా రావలసినదా? ఈ నెల ఈ ప్రశ్ననే వాక్యపు వెలుగులో ఆలోచింతము.

గౌతమికిని వసిష్ఠకును సముద్రమునకును నడుమనున్న మన కోనసీమనుండి ఎవరు దూరము పోవలెనన్నను ఏరు దాటవలసినదే. పూర్వము పడవలు, లాంచీలు, పంటులు దిక్కు. దాటుటకే సగము దినము పట్టెడిది. కుటుంబమంతయు కలిసి పోవుట అరుదు. ఇప్పుడు జొన్నాడ – రావులపాలెము నడుమ వంతెన యున్నది, సిద్ధాంతమువద్ద వంతెన యున్నది, చించినాడవద్దను ఎదుర్లంకవద్దను వంతెనలున్నవి. కాబట్టి వేసవి సెలవులలోనో, దాళ్వా కోతలు ముగిసిన తరువాతనో రెండు మూడు ఇండ్లవారు కలిసి వ్యాను కట్టించుకొని, వారము పది దినములు తిరిగివచ్చుట మామూలైనది. పది సంవత్సరములు కట్టబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును చూతురు. బిషప్ అజరయ్యగారి కాలమున 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకలు దేవాలయమును చూతురు. కొందరు చెన్నపట్టణముదాక పోయి తోమా కొండ యెక్కి, వేలూరులో వైద్యము చూపించుకొని మరి వత్తురు.

వ్యానులో స్థలమున్నను, ఇంటిల్లిపాదియు అందులో ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మామ్మ నిలిచిపోవును. పూటపూటకు పాలు పితుకవలసిన గేదె యున్నందున ఒక కోడలు నిలిచిపోవును. కుడితి పెట్టి, పచ్చగడ్డి కోసి, చేనికి నీరు పెట్టుటకు పాలేరు నిలిచిపోవును. సందెవేళ వచ్చి వీధిదీపము వేసి, తాళము కదిపి చూచిపోవుటకు పొరుగింటి వదినగారు ఒప్పుకొనును. వీరు ఏరు దాటలేదు. కాని వీరు నిలిచినందుననే మిగిలినవారు దాటిరి.

ఇప్పుడు ధ్యానభాగమునకు వత్తము. ఈ అధ్యాయమును మనము సాధారణముగా యుద్ధకథగా చదువుదుము. నిజమునకు ఇది ఇంటికి తిరిగివచ్చిన ప్రయాణికుల కథతో మొదలగుచున్నది. దావీదును అతని జనులును ఫిలిష్తీయులయొద్దనుండి సెలవు పొంది, మూడవ దినమున తమ ఊరైన సిక్లగునకు చేరిరి. అక్కడ ఇండ్లు లేవు, బూడిద యున్నది. పురుషులందరు వెళ్లిపోయిన ఆ ఊరిమీద అమాలేకీయులు పడి, దానిని కాల్చివేసి, స్త్రీలను పిల్లలను చెరగొనిపోయిరి. ఏడ్చుటకు ఇక శక్తి లేనంతవరకు వారు ఏడ్చిరని వ్రాయబడియున్నది.

తరువాత 600 మంది తరుముకొని పోయిరి. బెసోరు వాగువద్దకు వచ్చుసరికి 200 మంది అలసి, వాగు దాటలేక నిలిచిపోయిరి. 400 మంది దాటిపోయి, జయము పొంది, పోయినదంతయు మరల తెచ్చుకొనిరి. తిరుగుదారిలో, వెళ్లినవారిలో కొందరు పేచీ పెట్టిరి. నిలిచిపోయినవారికి వారి భార్యాపిల్లలను మాత్రమే అప్పగింతము, సొమ్ములో ఏమియు ఇయ్యమని వారి వాదము. దావీదు ఒప్పుకొనలేదు. పోరాడినవానికెంతో సామాను కాచినవానికిని అంతే అని తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా నియమించెను.

ఈ కట్టడ పుట్టిన సమయమును గమనింపుడు. దావీదు ఇట్లు చెప్పుటకు కొన్ని దినములముందే, కాచువారు లేని ఇల్లు ఏమగునో కన్నులార చూచెను. సిక్లగు బూడిద చూచినవానికి సామానునొద్ద కూర్చున్నవాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మన ఇండ్లు కాలలేదు గనుక మనకు ఆ విలువ కనబడదు. తాళము తీయగానే అన్నియు ఉన్నచోటనే యున్నవి. గేదె కట్టుకొయ్యవద్దనే యున్నది, వడ్ల బస్తాలు ఎలుక కొట్టలేదు, మొక్కలు వాడలేదు. ఏమియు జరుగలేదని మనమనుకొందుము. ఏమియు జరుగకుండుటకు ఒకరు దినమంతయు పని చేసిరని మనకు తోచదు. కావలి పనికున్న కష్టమిదే. అది బాగుగా జరిగినకొలది కనబడకపోవును.

పేచీ పెట్టినవారి వాదములో బలము లేకపోలేదు. మన నోటను అదే వాదము వచ్చును. ఖర్చు మాది, అలసట మాది, రాత్రులు నిద్రలేక కూర్చున్నది మేము. ఇంటిలో నీడపట్టున ఉన్నవారికి కష్టమేమి? పాలేరుకు జీతమిచ్చితిమి గదా? మామ్మకు దుప్పటి తెచ్చితిమి గదా? ఇంకను వంతేమి?

దీనికి దావీదిచ్చిన ఉత్తరము యోచింపదగినది. వారు మేము సంపాదించిన సొమ్మనిరి. అతడు యెహోవా మనకిచ్చినదనెను. భేదమంతయు ఇక్కడనే యున్నది. నేను సంపాదించినదైతే, ఇతరులకు నేనిచ్చునది బహుమానము. ఇష్టమైతే ఇత్తును, లేకున్న మానుదును. దేవుడిచ్చినదైతే, ఇతరులకు నేనిచ్చునది వారి భాగమే. దానిని నాయొద్ద ఉంచుకొనుట లోభము మాత్రమే కాదు, అన్యాయము. క్షేమముగా తెచ్చినవాడు దేవుడని ఆదివారము సాక్ష్యము చెప్పి, సోమవారము ఈ ప్రయాణము నా డబ్బుతో నేను చేసినది అనుట రెండు నాలుకల మాట.

వెళ్లి చూచిన గోపురమును ముక్కలు చేసి పంచలేము గదా, మరి వంతు ఎట్లు అని కొందరు అడుగవచ్చును. నిజమే. అయితే ప్రయాణములో పంచదగినవి వేరే యున్నవి. అవి విశ్రాంతి, ఆదరము, అవకాశము. మన ఇండ్లలో ఎక్కువ అన్యాయము జరుగుచున్నదియు వీటిలోనే.

మొదట విశ్రాంతిని చూడుడు. వ్యాను అర్ధరాత్రి ఇంటికి చేరును. వచ్చినవారికి వేడినీళ్లు కాచవలెను, అన్నము వండవలెను, పడకలు వేయవలెను. తెల్లవారగానే పది దినముల మాసిన గుడ్డలు మూటలు మూటలుగా నూతిగట్టు చేరును. ప్రయాణము చేసినవారు అలసితిమని రెండు దినములు పడుకొందురు. ఇల్లు కాచిన కోడలికి ఆ రెండు దినములే పని రెట్టింపగును. అనగా మన యలసటను కూడ ఆమెయే మోయుచున్నది. మూటలు ఎవరి గుడ్డలు వారు ఉదుకుకొని, ఆమెను రెండు దినములు పుట్టింటికి పంపినయెడల అది ఆమె వంతు. పట్టుచీరె తెచ్చి ఇచ్చి, మూట ఆమెమీద వేసినయెడల అది బహుమానమే గాని వంతు కాదు.

పాలేరు సంగతియు ఇట్టిదే. మనము ఊరిలో లేని దినములలో పని తక్కువ గదా అని కూలి తగ్గించువారు కలరు. లేని దినములలో బాధ్యత ఎక్కువని వారు ఎరుగరు. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. వ్యాను నడిపిన అబ్బాయిని కూడ మరువకూడదు. అతడు మనతో వచ్చెను గాని మనతో చూడలేదు. మనము దేవాలయములో తిరుగుచుండగా అతడు రాత్రి మేలుకొనుటకై బండిలో కన్ను మూసెను. మనలను దింపి, అన్నము తినకయే తన ఇంటికి పోవుచున్నాడేమో అడిగితిమా?

ఈ అధ్యాయములోనే మరియొకడు కనబడుచున్నాడు. ఐగుప్తీయుడైన పనివాడొకడు జబ్బుపడగా, అతని అమాలేకీయ యజమానుడు అతనిని పొలములో విడిచి తన దారిని పోయెను. అతడు మూడు దినములు అన్నపానములు లేక పడియుండెను. దావీదు జనులు అతనికి రొట్టెయు నీళ్లును అత్తిపండ్ల అడయు ద్రాక్షగెలలును పెట్టి బ్రదికించిరి. శత్రువు ఎక్కడనున్నాడో దారి చూపినవాడు అతడే. పనికిరానివాడని వెనుక విడువబడినవానివలననే ఆ దినపు జయము కలిగెను.

రెండవది ఆదరము. దావీదు వాగువద్దకు వచ్చి, నిలిచిపోయినవారిని ముందుగా కుశలమడిగెను. జయవార్త చెప్పుట తరువాతి సంగతి. మనము గుమ్మము దాటగానే మన కథ మొదలు పెట్టుదుము. సెల్‌ఫోనులోని ఫొటోలు వరుసగా చూపుదుము. నీకెట్లున్నది మామ్మా, రాత్రులు భయము వేసినదా, మోకాళ్లు ఎట్లున్నవి అని ముందు అడుగువారు ఎందరు? ఆమె పది దినములు గడియారము చూచుచు, మీ బండి ఏ ఊరిలో నున్నదోయని తలచుచు, మీకొరకు ప్రార్థించుచు కూర్చున్నది. మీ ప్రయాణములో ఆమె పాలిభాగస్థురాలు కాదా?

మూడవది అవకాశము. ఏటేట నిలిచిపోవువారు ఒకరే కాకూడదు. ఈసారి నిలిచినది పెద్దకోడలైతే, మరుసారి నిలువవలసినది ఇంకొకరు. ఇంటి యజమానుడే ఒకసారి నిలిచి, గేదెను కట్టి, పాలు పితికి చూచినయెడల, వంతు అన్న మాటకు అర్థము త్వరగా తెలియును.

ఇంట నిలుచుట తక్కువ పిలుపని ఎవరును అనుకొనరాదు. మన లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏరు దాటివచ్చు బాటసారులకు కులభేదము చూడక వేళగానివేళ అన్నము పెట్టిరి. ఆమె ఒకసారి అంతర్వేదికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్న కుటుంబమొకటి సీతమ్మగారి యిల్లు చేరినయెడల అన్నము దొరకునని పిల్లలను ఓదార్చుకొనుట విని, యాత్ర మానుకొని ఇంటికి మరలి వారికి వండిపెట్టెనని మన ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ఆమె మన మతస్థురాలు కాదు. ఐనను సమరయుని మెచ్చుకొనిన ప్రభువు శిష్యులమైన మనము ఆమెను మెచ్చుకొనుటకు వెనుదీయనక్కరలేదు. ఏరు దాటని ఆమె పేరే వైనతేయమీద కాలువనీటిని దాటించు గన్నవరము అక్విడక్టునకు పెట్టబడినది.

మన గ్రామములలో ఇంతకంటె దీర్ఘమైన ప్రయాణమొకటి కలదు. కువైటునకును దుబాయికిని ఇంటిపనికి వెళ్లి, రెండేండ్లకో మూడేండ్లకో తిరిగివచ్చు తల్లులు అనేకులు. ఇక్కడ పిల్లలను పెంచినది మామ్మ. అక్కడ పరుల ఇల్లు కాచినది తల్లి. ఇద్దరును కావలివారే. వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టునప్పుడు మామ్మకు వెలుతురున్న గది యొకటి వంతుగా రావలెను. పిల్లలు తల్లిని క్రొత్తమనిషివలె చూచి మామ్మ కొంగు పట్టుకొనిన దినమున, ఆ తల్లి చేతిలో పిల్లను పెట్టి ఓపికతో ప్రక్కన నిలుచుట మామ్మ చేయవలసిన పంపకము.

నిలిచిపోయినవారికిని ఒక శోధన కలదు. లూకా 15వ అధ్యాయములో పెద్దకుమారుడు ఇల్లు విడువలేదు. అయినను తమ్ముడు తిరిగివచ్చిన దినమున లోపలికి పోక, వాకిట నిలిచి కోపపడెను. తనదంతయు అతనిదేనని తండ్రి చెప్పవలసివచ్చెను. వంతు లేకపోవుట ఒక దుఃఖము. ఉన్న వంతును ఎరుగక చేదు మింగుట అంతకంటె పెద్ద దుఃఖము. కావున ఇల్లు కాచిన సహోదరీ, తిరిగివచ్చినవారి సంతోషము నీకు పరాయిది కాదు. లోపలికి రమ్ము.

మేమిది వ్రాయుట ప్రయాణములు మానుమని కాదు. వెళ్లుడి, చూడుడి, పిల్లలకు చూపుడి. తిరిగివచ్చి ఆదివారము సాక్ష్యము చెప్పుటకు లేచునప్పుడు, ఇల్లు కాచినవారిని కూడ మీ ప్రక్కన నిలువబెట్టుడి. పాలేరు మన సంఘస్థుడైతే అతనిని పిలువుడి. కాకపోయినను అతని పేరు చెప్పుడి. మనము వెళ్లుటను మాత్రమే గాక, వచ్చుటను కూడ కాపాడిన దేవుడు ఆ కాపుదలను సగము వారి చేతులతో జరిగించెను. వారి వంతు వారికి ముట్టిన తరువాతనే మన ప్రయాణము ముగిసినదని యెంచుదము.