శరణాగతుడు ముఖవస్త్రము ధరింపవలెనా?



గడచిన ధనుర్మాసమున శ్రీనివాసుని సేవించుటకై తిరుమలకు పోయియుంటిని. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గోవిందనామము మ్రోగుచుండగా, నా ప్రక్కనే ఒక గృహిణి ముక్కును నోటిని కప్పుకొని, నిశ్శబ్దముగా కూర్చుండియుండెను. వెనుకనున్న పెద్దమనిషి ఒకరు నవ్వుచు, “కరోనా పోయి ఎన్నియేండ్లైనది తల్లీ! ఇంకను ఈ మూతిగుడ్డ ఎందుకు? స్వామి సన్నిధికి పోవుచు కూడ ప్రాణభయమేనా?” అని అడిగిరి. ఆమె కొంచెము దగ్గి, “నా ప్రాణము కొరకు కాదండీ. నాకు జలుబు చేసినది. ముందు ఆ ముసలమ్మగారున్నారు గదా, ఆమెకు తగులునేమోనని” అని బదులు చెప్పెను. పెద్దమనిషి ఊరకుండిరి. నేను మాత్రము తల వంచుకొంటిని. ఎందువలననో ఈ వ్యాసము చివర విన్నవింతును.

కోవిడ్ వ్యాధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11వ తేదీన మహమ్మారిగా ప్రకటించినది. అదే నెల 20వ తేదీ నుండి తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడినది. స్వామికి నిత్యకైంకర్యములు లోపము లేక జరిగినవి గాని, చూచుటకు భక్తులు లేరు. 2020 జూన్ 11 నుండి సామాన్యభక్తులకు మరల దర్శనము లభించినది. ఆ సంవత్సరపు బ్రహ్మోత్సవములు మాడవీధులలో వాహనసేవలు లేకయే, ఆలయములోపల ఏకాంతముగా జరిగినవి. ఆ దినములలో ముఖవస్త్రము, అనగా మనమందరము మాస్కు అని పిలుచునది, లేనిదే వీధిలోనికి పోరాదని ప్రభుత్వములు శాసించినవి. 2023 మే 5న ఆ అత్యవసరస్థితి ముగిసినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. నేడు ఆ నిర్బంధము లేదు. నిర్బంధము లేనప్పుడే మన హృదయములోని ధర్మము బయటపడును. కావున దానిని విచారించుటకు ఇదియే తగిన సమయము.

ఆ దినములలో మనము మాస్కును ధరించిన తీరులను స్మరించుకొందము. కొందరు గడ్డమునకు కట్టుకొనిరి. కొందరు ముక్కును విడిచి నోటిని మాత్రము కప్పుకొనిరి. కొందరు జేబులో నుంచుకొని, పోలీసువారు కనబడగనే తగిలించుకొనిరి. మాటలాడునప్పుడే దాని అవసరము హెచ్చు కాగా, సరిగ్గా మాటలాడునప్పుడే క్రిందికి లాగినవారు అనేకులు. మరికొందరు భక్తులు గర్భాలయము దాపునకు రాగానే దానిని తీసివేసి, “స్వామికి నా ముఖము కనబడవద్దా?” అనిరి. ఆ మాటలో ప్రేమ కలదు. కాని అంతర్యామియై మన హృదయములో వసించు స్వామికి ఒక మూరెడు గుడ్డ అడ్డమగునా?

ఈ తీరులన్నిటికంటె విచారింపదగినది ఒక వాదము. “నేను స్వామిని శరణు పొందితిని. ఆయనే రక్షకుడు. రక్షకుడుండగా ఈ గుడ్డముక్కను ఆశ్రయించుట విశ్వాసలోపము కాదా?” అని కొందరు పెద్దలే పలికిరి. వినుటకు ఇది గొప్ప వైష్ణవలక్షణముగా తోచును. శాస్త్రము దీనిని ఒప్పునా అని చూతము.

శరణాగతికి అంగములను పాంచరాత్ర సంహితలు లెక్కించి చెప్పినవి. అందు మొదటిది ఆనుకూల్యసంకల్పము. రెండవది ప్రాతికూల్యవర్జనము. రక్షించునను మహావిశ్వాసము మూడవది. మొదటిదియైన ఆనుకూల్యమనగా భగవంతునికి ప్రీతికరముగా నడచుట మాత్రమే అని మనము తలచుచుందుము. లక్ష్మీతంత్రము దానిని ఇంకను విప్పి, సర్వభూతములయెడ అనుకూలముగా నుండుటయే ఆనుకూల్యమని చెప్పినది. కారణము స్పష్టము. చిదచిత్తులు సమస్తమును భగవంతునికి శరీరమని శ్రీమద్రామానుజుల సిద్ధాంతము. క్యూలో నా ముందు నిలిచిన వృద్ధురాలును ఆయన శరీరమే. నా దగ్గు ఆమెపై పడినచో ఎవరి శరీరముపై పడినట్లు? మొదటి రెండు మెట్లను ఎక్కక మూడవమెట్టుపై నిలిచితినని చెప్పువాని మాట ఎట్టిదో మీరే ఊహింపుడు. విశ్వాసము నా ప్రాణము విషయమున నాకుండవలెను. ఎదుటివాని ప్రాణమును పణముగా నొడ్డి నా విశ్వాసమును ప్రదర్శించుట శరణాగతి కాదు.

మన పూర్వాచార్యుల నడవడి ఏమి? 1323 ప్రాంతమున ఢిల్లీ సుల్తానుల సేనలు శ్రీరంగముపై వచ్చి పడినప్పుడు, “శ్రీరంగనాథుడు తన్ను తాను కాపాడుకొనగలడు, మనము చేయవలసినది లేదు” అని వారు కూర్చుండలేదు. మూలమూర్తి కనబడకుండ సన్నిధికి అడ్డముగా గోడ కట్టిరని గురుపరంపరాకథనము. ఉత్సవమూర్తియైన నంపెరుమాళ్ళను తీసికొని, మిక్కిలి వృద్ధులైన పిళ్ళైలోకాచార్యులు అడవిదారుల వెంట పయనించి, ఆ ప్రయాసలోనే పరమపదించిరి. ఆ మూర్తి ఎన్నియో తావులు తిరిగి, మన తిరుమలకు వేంచేసి చిరకాలముండి, 1371లో తిరిగి శ్రీరంగము చేరెను. తిరుమల ఆలయమందలి రంగనాయకుల మండపము ఆ సంగతిని నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. లోకాచార్యులవారికి విశ్వాసము తక్కువయని ఎవరనగలరు? విశ్వాసము గలవాడు కనుకనే చేతనైన జాగ్రత్తను కైంకర్యముగా చేసెను. ఆనాడు సన్నిధికి కట్టిన గోడ ఆయన సర్వశక్తిత్వమునకు లోటు కాలేదు. నేడు మన ముఖమునకు కట్టిన గుడ్డ మన భక్తికి లోటు కానేరదు.

ఆ మాట కేమి, మన స్వామియే కప్పుకొనియున్నాడు. శ్రీవారి విశాలమైన ఊర్ధ్వపుండ్రము నేత్రములను చాలవరకు మరుగుపరచుచుండును. ఆ దివ్యదృష్టి తీక్ష్ణతను మనము తాళజాలమని పెద్దలు చెప్పుదురు. గురువారమునాడు నామమును సడలించినప్పుడు నేత్రదర్శనము లభించును. కరుణాసముద్రుడైన ప్రభువే ఆశ్రితుల కొరకు తన చూపును కప్పుకొనియుండగా, రోగపీడితమైన మన ఊపిరిని మనము కప్పుకొనుటకు సిగ్గేల?

ఈ ఆచారము మనకు కొత్తదియును కాదు. స్వామికి నివేదించు ప్రసాదమును వండువారు నోటికి ముక్కుకు గుడ్డ కట్టుకొను పద్ధతి అనేక ఆలయములలో కలదు. తులసీమాలలు కట్టు మన గృహిణులు పుష్పములను వాసన చూడరు. “గోదాదేవి తాను ముడిచి విడిచిన మాలనే సమర్పించెను గదా! ప్రేమ యున్నచోట నియమమేల?” అని అడుగువారున్నారు. గోదమ్మ ముడిచిన మాల వలన ఎవరికి హాని కలిగెను? ఆమె ప్రేమ ప్రేమించినవానికి అందెను. నా అజాగ్రత్తయన్ననో నాకు తెలియనివారి ఇంటికి పోయి తలుపు తట్టును. ఆ రెంటికి పోలిక లేదు.

“చావు పుట్టుకలు కర్మాధీనములు. వాని కర్మ యుండిన వానికి సోకును, లేకున్న లేదు” అనునది మరియొక వాదము. ఊరినడుమ బావి త్రవ్వి, వరలు కట్టక విడిచిపెట్టినవాడు, అందు పడినవాని కర్మను ప్రశంసించినచో మనమొప్పుదుమా? పడినవాని కర్మ పడినవానిది. వరలు కట్టని దోషము త్రవ్వినవానిది. ఒకరి కర్మ మరియొకని కర్తవ్యమును మాన్పజాలదు.

“ఆ గుడ్డ రోగమును పూర్తిగా ఆపునా?” అను ప్రశ్న న్యాయమైనదే. పూర్తిగా ఆపదు. ఆ వ్యాధి మాటలాడినప్పుడు, పాడినప్పుడు, దగ్గినప్పుడు వెలువడు తుంపరల వలనను, గాలిలో తేలియాడు సూక్ష్మకణముల వలనను వ్యాపించునని, లక్షణములు కనబడనివారి నుండి కూడ సోకునని వైద్యులు నిర్ణయించిరి. ముక్కును మూతిని సందు లేకుండ కప్పు ఎన్-95 వంటివి హెచ్చు రక్షణ నిచ్చును, సామాన్యమైన గుడ్డ తక్కువ నిచ్చును, గడ్డమునకు వ్రేలాడునది ఏమియు నీయదు. జడివానలో గొడుగు పట్టినను పాదములు తడియును. అంతమాత్రమున గొడుగును పారవేయువాడున్నాడా? గాలి వచ్చునట్లు కిటికీలు తెరచుట, రోగమున్నప్పుడు ఇంట నిలుచుట, ముఖమును కప్పుకొనుట, ఇవి ఒకదానికొకటి తోడు.

అమెరికాదేశమున వాషింగ్టన్ రాష్ట్రములో 2020 మార్చి 10న ఒక గానబృందము సాధనకై కూడినది. హాజరైనవారు 61 మంది. అందులో ఒకరికి రోగలక్షణములుండెను. సుమారు రెండున్నర గంటలు కలిసి పాడిరి. తక్కినవారిలో 52 మందికి రోగము సోకినట్లు, ఇద్దరు మరణించినట్లు అధికారులు తేల్చిరి. వారు చేసినది పాపకార్యము కాదు, గానమే. మంచిపని చేయుచున్నంతమాత్రమున మన శ్వాస పరిశుద్ధము కాదని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

ఇక నా సంగతి. 2021 ఏప్రిల్ నెలలో, రెండవ ఉద్ధృతి ప్రారంభమైన దినములలో, మా ఊరిలో ఒక వైష్ణవగృహమున విష్ణుసహస్రనామ పారాయణము జరిగినది. చెప్పించువాడను నేను. పదిమందియు మాస్కులతో కూర్చుండిరి. బాల్యము నుండి పాఠశాలలో గురువుగారి బెత్తము క్రింద నేర్చిన ఉచ్చారణ నాది. గుడ్డచాటున విసర్గలు వినబడుటలేదని, మహాప్రాణములు నలిగిపోవుచున్నవని నాకు కష్టము తోచినది. “నామమునకు లోపము రారాదు” అని చెప్పి, మొదట నేనే మాస్కు తీసితిని. నన్ను చూచి తక్కినవారును తీసిరి. తలుపులు వేసిన గదిలో గంటసేపు గొంతెత్తి పఠించితిమి. నాలుగైదు దినములకు నాకు కొలది జ్వరము వచ్చి పోయినది. మరి నలుగురు పడకపట్టిరి. ఆ ఇంటి వృద్ధమాత ఆసుపత్రిలో పరమపదించెను.

ఎవరినుండి ఎవరికి సోకెనో ఎవరును చెప్పజాలరు. నేను తీయకున్న ఆమె జీవించియుండెడిదని నేననలేను. కాని తీసినవాడను నేను. తరువాత నేను పరామర్శకు పోగా, ఆమె కుమారుడు నన్ను ఒక్కమాట అనలేదు. “స్వామీ, మా అమ్మ చివరివరకు మీ పారాయణమునే తలచుకొనినది” అని మాత్రము చెప్పెను. నిందించినచో నాకు తేలికగా నుండెడిది. నేను రక్షింపదలచినది నామమును కాదు, నా ఉచ్చారణాభిమానమునని ఆనాటికి గాని నాకు తెలియలేదు. తన నామములో విసర్గ వినబడనందులకు స్వామి కోపించునా? తన బిడ్డ ప్రాణము విషయమున అశ్రద్ధ చేసినందులకు కోపించునా? క్యూలో ఆ గృహిణి మాటకు నేను తల వంచుకొనుటకు కారణమిదియే.

తిరుక్కోట్టియూరులో మంత్రార్థమును అందరికి ఉపదేశించిన భగవద్రామానుజులు, తమకు నరకము వచ్చినను పదుగురు తరింతురు గదా యని సంతసించిరి. ఆయన అడుగుజాడలలో నడచువారమని చెప్పుకొను మనలను లోకము నరకమునకు పొమ్మనలేదు. ఒక గుడ్డను కొంతసేపు ఓర్చుకొనుమని మాత్రమే అడిగినది.

ఇందుకు మరియొక వైపు కూడ కలదు. కప్పుకొనినవాడు కప్పుకొననివానిని నీచముగా చూచుటయు ధర్మము కాదు. ఊపిరి ఆడని రోగులుందురు, పసిపిల్లలుందురు, ఎదుటివారి పెదవుల కదలికను చూచియే మాటను గ్రహించు చెవిటివారుందురు. వారియెడ దయ యుండవలెను. రోగభీతిచే రోగినే వెలివేసిన ఉదంతములను, మృతదేహమును ముట్టువారు లేని దినములను మనము చూచితిమి. యామునాచార్యుల వ్యాధిని ప్రసాదముగా స్వీకరించిన మారనేరినంబి పరమపదించినప్పుడు, లోకులు నిందించినను లెక్కింపక అంత్యసంస్కారము చేసిన పెరియనంబి మన ఆచార్యులు. జాగ్రత్త రోగమునకు అడ్డుగోడ కావలెను గాని రోగికి అడ్డుగోడ కారాదు.

కావున యాత్రికసోదరులకు, సోదరీమణులకు నా విన్నపమిది. జలుబు, దగ్గు, జ్వరము ఉన్నప్పుడు యాత్రను వాయిదా వేయుడు. స్వామి ఎక్కడికిని పోడు. తప్పనిసరియైన, ముక్కును నోటిని చక్కగా కప్పుకొని రండు. గుంపులో గోవిందనామము గుడ్డచాటుననే పలుకుడు. అది ఆనందనిలయమును చేరక మానదు. కప్పుకొనినవారిని చూచి నవ్వకుడు. వారు ఎవరి తల్లిని కాపాడుచున్నారో మనకు తెలియదు.

సర్వప్రాణులను తన శరీరముగా ధరించిన శ్రీవేంకటేశ్వరుడు, నా వంటివారి అపచారమును క్షమించి, పరుల ప్రాణమునందు తన్ను దర్శించు బుద్ధిని మనకందరకు అనుగ్రహించుగాక!